జింజర్‌బ్రెడ్ ఇళ్ళ పార్టీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మసాలా బిస్కట్లతో చిన్న బొమ్మరిల్లు కట్టి క్యాండీలతో అలంకరిస్తే అదే జింజర్‌బ్రెడ్ ఇల్లు. డిసెంబరు వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్ళలో దీని మాటే. స్కూల్లోనో పక్కింట్లోనో చూసొచ్చిన పిల్లలు "మనింట్లో కూడా పెడదాం" అని పట్టుబడతారు. పెద్దవాళ్ళకి అక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఇల్లు నిలబడుతుందా, గుడ్డు తినని వాళ్ళ సంగతేంటి, వచ్చినవాళ్ళకి ఏం పెట్టాలి? ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి అన్నిటికీ ఒకచోట జవాబులు రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను. ఇల్లు కట్టడం పెద్దవాళ్ళ పని, అది ముందు రోజు రాత్రికే అయిపోవాలి. అలంకరించడం పూర్తిగా పిల్లల పని.

## అనుకునే దశలో

మేం క్రిస్మస్ చేసుకోం. అయినా ఈ పార్టీ పెట్టుకోవచ్చా?

నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. ఇది పూజకో ప్రార్థనకో సంబంధించిన వస్తువు కాదు, చలికాలపు సరదా. మసాలా దినుసులు వేసిన ఈ రకం బిస్కట్లకి జర్మనీలో, ముఖ్యంగా న్యూరెంబర్గ్ ఊళ్ళో, వందల ఏళ్ళ పేరుంది. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన కథల్లో హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్ళు అడవిలో తప్పిపోయి, రొట్టెతో కట్టి చక్కెర కిటికీలు పెట్టిన ఇంటిని చూస్తారు. ఆ కథతో పాటే తినే ఇళ్ళు కూడా బాగా ప్రచారంలోకి వచ్చాయి. అమెరికాలో హిందువులు, ముస్లింలు, యూదులు అందరి పిల్లలూ స్కూల్లో ఇవి చేస్తూనే ఉంటారు. క్రిస్మస్ చేసుకునే తెలుగు కుటుంబాలు మీ స్నేహితుల్లో ఉంటే వాళ్ళని తప్పకుండా పిలవండి. వాళ్ళింట్లో చేసిన గులాబీ పువ్వులు, ప్లమ్ కేకు బల్ల మీదకి వచ్చాయంటే ఆ పార్టీకి నిండుదనం వస్తుంది.

ఏ రోజు, ఏ టైముకి పెడితే మంచిది?

డిసెంబరు మొదటి రెండు శనివారాల్లో ఏదో ఒకటి. మూడో వారానికి స్కూళ్ళకి సెలవులు మొదలై సగం మంది ఇండియా విమానం ఎక్కేస్తారు. మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు సరిగ్గా సరిపోతుంది. భోజనం చేసి వస్తారు, రాత్రి వంటకి ముందే వెళ్ళిపోతారు. న్యూజెర్సీ లాంటి చోట్ల డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది, మంచు పడితే రోడ్లు జారతాయి. చిన్నపిల్లలున్న వాళ్ళు వెలుతురుండగానే బయలుదేరాలనుకుంటారు.

ఎంతమంది పిల్లల్ని పిలవొచ్చు?

మీ ఇంట్లో బల్లల దగ్గర ఎంతమంది కూర్చోగలరో అంతమందిని. ఒక్కో ఇంటికి ఒక పెద్ద ప్లేసు మ్యాట్ అంత చోటు కావాలి. మామూలు డైనింగ్ టేబుల్‌కి ఆరుగురు, మడతబల్ల ఒకటి కలిపితే పది మంది దాకా సర్దుకుంటారు. అంతకు మించితే అన్నాచెల్లెళ్ళకి కలిపి ఒక ఇల్లు ఇవ్వండి. కానీ ఆరేళ్ళలోపు పిల్లలకి అలా ఇస్తే గొడవలు తప్పవు, వాళ్ళకి ఎవరి ఇల్లు వాళ్ళకే ఉండాలి.

"చూస్తాం", "ట్రై చేస్తాం" అంటారు. ఎన్ని ఇళ్ళు తయారు చేసుకోవాలో ఎలా తెలుస్తుంది?

వాట్సాప్‌లో మొత్తం గ్రూపుకి పడేసి ఊరుకుంటే ఎవరూ తేల్చి చెప్పరు. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టి, "పిల్లలకి తలా ఒక ఇల్లు ముందే కట్టాలి, మీ వాళ్ళు ఎంతమంది వస్తున్నారో బుధవారంలోపు చెప్పండి" అని రాయండి. పిల్లల కోసం ఇల్లు కడుతున్నారని తెలిస్తే ఎవరైనా జవాబిస్తారు. అదే మెసేజ్‌లో ఎలర్జీలు, గుడ్డు, జంతువుల నుంచి తీసే జెలటిన్ తినేదీ తిననిదీ అడిగేయండి. చెప్పినదానికి రెండు ఇళ్ళు ఎక్కువ కట్టండి. ఒకటి చెప్పకుండా వచ్చే పిల్లల కోసం, ఇంకొకటి విరిగిపోతే ఇవ్వడానికి.

## కొనేటప్పుడు

కిట్ కొనాలా, ఇంట్లో బేక్ చేయాలా?

ఇద్దరు ముగ్గురు పిల్లలైతే కిట్ తేలిక. పెద్ద స్టోర్లలో గోడలు, పైకప్పు అతికించి పెట్టినవి కూడా దొరుకుతాయి, కాస్త ఖరీదెక్కువైనా మీ రాత్రి పని తప్పుతుంది. థ్యాంక్స్‌గివింగ్ దాటగానే కొనేయండి, ఆలస్యం చేస్తే విరిగిన డబ్బాలే మిగులుతాయి.

ఎక్కువమంది పిల్లలైతే గ్రాహమ్ క్రాకర్లే (నలుపలకల పల్చటి గోధుమ బిస్కట్లు) నయం. చౌక, సామాన్యంగా గుడ్డు ఉండదు, రుచి కూడా పిల్లలకి అలవాటైనదే. స్కూళ్ళలో వాడే ఉపాయం ఏమిటంటే, అరపింట్ పాల డబ్బా ఖాళీది కడిగి ఆరబెట్టి దాని చుట్టూ క్రాకర్లు అతికిస్తారు. లోపల డబ్బా ఉంటుంది కాబట్టి ఇల్లు కూలే ప్రశ్నే లేదు. క్రాకర్ని కోయాలంటే పళ్ళున్న కత్తితో రంపంలా మెల్లగా కోయండి. నొక్కితే ముక్కలైపోతుంది.

ఇంట్లో బేక్ చేసిన ఇంటి వాసన మాత్రం దేనికీ రాదు. అల్లం, దాల్చిన చెక్క, లవంగాలు ఓవెన్‌లో కాలుతుంటే ఇల్లంతా పండగలా ఉంటుంది. ఓపిక ఉంటే మీ పిల్లల ఇల్లు ఒక్కటి బేక్ చేసి, మిగతావి క్రాకర్లతో కట్టండి.

మేం గుడ్డు కూడా తినని శాకాహారులం. వేటి విషయంలో జాగ్రత్తపడాలి?

మూడు చోట్ల. మొదటిది ఐసింగ్, అంటే గోడలు అతికించడానికీ అలంకరించడానికీ వాడే చక్కెర ముద్ద. అందులో ఆరితే గట్టిపడే రకమే రాయల్ ఐసింగ్. రాయల్ ఐసింగ్‌ని గుడ్డు తెల్లసొనతో గానీ, మెరాంగ్ పౌడర్‌తో గానీ చేస్తారు. మెరాంగ్ పౌడర్ అంటే ఎండబెట్టిన తెల్లసొనే, కిట్లలో వచ్చే ఐసింగ్‌లో కూడా సాధారణంగా అది ఉంటుంది.

రెండోది జెలటిన్. ఇది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. మార్ష్‌మాలోలు, గమ్మీ బేర్లు, క్యాండీ కార్న్, అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్ అనే నమిలే క్యాండీల్లో ఉంటుంది. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. గడ్డి కప్పులా కనపడాలని పైకప్పు మీద అతికించే ఫ్రాస్టెడ్ మినీ వీట్స్ అనే సీరియల్‌లో కూడా జెలటిన్ ఉంది. చక్కెర పూత లేని ష్రెడెడ్ వీట్ తెచ్చుకుంటే అదే అందం వస్తుంది. డాట్స్ గమ్‌డ్రాప్స్‌లో జెలటిన్ ఉండదు. హలాల్ పాటించే స్నేహితులు వస్తుంటే వాళ్ళకి కూడా ఇదే ముఖ్యమైన ప్రశ్న.

మూడోది మెరుపు కోసం వేసే పూత. డబ్బా మీద కన్ఫెక్షనర్స్ గ్లేజ్ అని ఉంటే అది లక్క పురుగుల నుంచి వచ్చేది. కొందరు పట్టించుకోరు, కొందరికి అభ్యంతరం ఉంటుంది. డబ్బాలు పారేయకుండా పక్కన పెట్టండి, ఎవరైనా అడిగితే చదివి చూసుకుంటారు.

క్యాండీలు ఎన్ని రకాలు కొనాలి?

ఆరేడు రకాలు చాలు. రకాలు పెరిగేకొద్దీ పిల్లలు ఎంచుకోలేక తినడం మొదలుపెడతారు. హాలోవీన్ నాడు తెచ్చుకున్నవి ఇంట్లో మూలుగుతుంటాయి, ముందు వాటిని వాడేయండి. వాటికి తోడు కిటికీలకి నలుపలకల చాక్లెట్లు, కంచెకి ప్రెట్జెల్స్, గుమ్మం పక్కన నిలబెట్టడానికి క్యాండీ కేన్లు, మంచుకి ఎండు కొబ్బరి కోరు, చెట్టుకి బోర్లించిన ఐస్‌క్రీమ్ కోన్. ఉప్పటి ప్రెట్జెల్స్ ఉండటం మంచిది, తీపి తిని తిని మొహం మొత్తిన పిల్లలు వాటినే నములుతారు.

నట్ ఎలర్జీ ఉన్న బాబు వస్తున్నాడు. మన స్నాక్స్‌తో ఏమైనా ఇబ్బందా?

చాలా ఇబ్బంది ఉండొచ్చు. చెక్కల్లో పల్లీలు, మిక్స్చర్‌లో జీడిపప్పు, పులిహోరలో రెండూ ఉంటాయి. ఇంకో సంగతి: అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల్ని కూడా ప్రధాన ఎలర్జీ పదార్థాల జాబితాలో చేర్చి, ప్యాకెట్ల మీద రాయాలని చట్టం అమల్లోకి తెచ్చారు. సకినాలు, జంతికలు, నువ్వుండలు అన్నిట్లో నువ్వులే. మనకి అవి ఎంత మామూలంటే, చెప్పాలనే తట్టదు. ప్రతి గిన్నె ముందు ఒక చిన్న చీటీ పెట్టి పేరు, అందులో ఉన్నవి రాయండి. ఆ బాబు తల్లికి ముందే ఫోన్ చేసి మెనూ మొత్తం చదివి వినిపించండి. ఎలర్జీ తీవ్రమైనదైతే ఆ రోజుకి పల్లీలు, జీడిపప్పు ఇంట్లో బయటికే తీయకపోవడం ఉత్తమం, పిల్లల చేతులు అన్ని గిన్నెల్లోనూ పడతాయి కాబట్టి.

## ముందు రోజు

గోడలు జారిపోతున్నాయి, పైకప్పు పెట్టగానే ఇల్లు విచ్చుకుపోతోంది. ఎందుకు?

తొందరపడటం వల్ల. గోడలు నాలుగూ అతికించాక కనీసం గంటసేపు కదపకూడదు. ఆరేదాకా పప్పు డబ్బాలు గానీ, సూప్ డబ్బాలు గానీ గోడలకి లోపల, బయట ఆనించి పెట్టండి. గోడలు గట్టిపడ్డాకే పైకప్పు. పైకప్పు ముక్కలు కిందికి జారకుండా చూరు కింద చిన్న గ్లాసులు పెట్టండి. ఆ తర్వాత తెల్లవారే దాకా వదిలేయండి.

రెండో కారణం ఐసింగ్ పల్చన కావడం. చెంచాతో తీసి పైకి ఎత్తితే కొన వంగకుండా నిలబడాలి. మూడోది అడుగు. కాగితం ప్లేటు మీద కడితే ఎత్తగానే ప్లేటు వంగి, అతుకులు ఊడతాయి. పిజ్జా పెట్టె అట్టకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి దాని మీద కట్టండి.

రాయల్ ఐసింగ్ కొలతలు ఏమిటి?

ఒక పౌండు పౌడర్డ్ షుగర్, అంటే సుమారు నాలుగు కప్పులు. దానికి మూడు టేబుల్‌స్పూన్ల మెరాంగ్ పౌడర్, ఐదారు టేబుల్‌స్పూన్ల గోరువెచ్చని నీళ్ళు. మిక్సర్‌తో ఏడు నుంచి పది నిమిషాలు గిలక్కొడితే మెరుపు పోయి, గట్టిగా నిలబడుతుంది. గిన్నెకి కొంచెం నూనె, నెయ్యి జిడ్డు ఉన్నా ఐసింగ్ పొంగదు, కాబట్టి వేడినీళ్ళతో కడిగి, తుడిచి ఆరబెట్టిన గిన్నె వాడండి. గాలి తగిలితే నిమిషాల్లో పైన పొర కడుతుంది. తడిగుడ్డ కప్పి ఉంచండి, లేదా వెంటనే జిప్ సంచుల్లో నింపేయండి.

గుడ్డు లేకుండా ఐసింగ్ గట్టిగా వస్తుందా?

వస్తుంది. డబ్బాలో వచ్చే కాబూలీ శనగల నీళ్ళు, ఉప్పు వేయనివి, పావు కప్పు తీసుకుని నురగ వచ్చేదాకా గిలక్కొట్టండి. మూడు కప్పుల పౌడర్డ్ షుగర్ కొద్దికొద్దిగా వేస్తూ, కొన నిలబడేదాకా ఇంకా కలుపుతూ పోవాలి. శనగల వాసన రాదు, అర చెంచా నిమ్మరసం వేస్తే అసలే తెలియదు. ఆరడానికి మాత్రం మామూలు ఐసింగ్ కంటే ఎక్కువ సేపు పడుతుంది.

గోడలు అతికించడానికి ఇంకా సులువైనది కరిగించిన వైట్ చాక్లెట్. కొద్ది నిమిషాల్లోనే పట్టేస్తుంది. చక్కెర పాకం పట్టి అతికించేవాళ్ళు కూడా ఉన్నారు, అది ఇనుములా పట్టుకుంటుంది. కానీ ఆ పాకం మరిగే నీళ్ళ కంటే ఎంతో వేడి, చర్మానికి అంటితే వదలదు. పిల్లలు పడుకున్నాకే ఆ పని పెట్టుకోండి.

ఇంట్లో బేక్ చేస్తే గోడలు ఉబ్బి, ఆకారం మారిపోతున్నాయి. ఏం చేయాలి?

తినే బిస్కట్ల పిండి వేరు, ఇల్లు కట్టే పిండి వేరు. ఇంటికోసమైతే బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ వేయకండి. మైదా, వెన్న, బ్రౌన్ షుగర్, మొలాసెస్ (నల్లటి చెరకు పాకం), శొంఠి పొడి, దాల్చిన చెక్క, లవంగాల పొడి కలిపి, పిండిని ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టండి. పావు అంగుళం మందాన ఒత్తి, కాగితం మీద గీసుకున్న కొలతల ప్రకారం కోయాలి. 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో అంచులు ముదురు రంగుకి తిరిగేదాకా కాల్చి, బయటికి తీసిన నిమిషంలోనే కాగితం మళ్ళీ పెట్టి అంచులు సరిగ్గా కోసేయండి. చల్లారితే విరుగుతుంది.

కిటికీలకి అద్దాలు కావాలంటే జాలీ రాంచర్ లాంటి గట్టి క్యాండీలు దంచి, చివరి నాలుగైదు నిమిషాలు ఉన్నాయనగా ఆ కంతల్లో పోసి మళ్ళీ ఓవెన్‌లో పెట్టండి. కరిగి, చల్లారాక రంగుటద్దాల్లా మెరుస్తాయి. పిల్లలు పచ్చి పిండి నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి, కాల్చని మైదాలో కూడా హానిచేసే బాక్టీరియా ఉండొచ్చు.

## స్నాక్స్ సంగతి

పిల్లలు ఎలాగూ క్యాండీలు తింటారు. ఇంకా ఏం పెట్టాలి?

తీపి అసలు పెట్టొద్దు. ఉప్పు, కారం, పులుపు ఉన్నవే పెట్టండి. ముందే చేసి నిల్వ పెట్టుకునేవి: జంతికలు, చెక్కలు, కారప్పూస. ఓవెన్‌లో వేసేవి: ఫ్రోజెన్ పఫ్ పేస్ట్రీలో బంగాళదుంప కూర పెట్టి చేసిన పఫ్‌లు. ఇవి ముందు రోజే చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుని, పార్టీకి అరగంట ముందు ఓవెన్‌లోకి తోసేస్తే చాలు. అమెరికన్ పొరుగువాళ్ళ పిల్లలు వస్తుంటే కారం లేని చీజ్ పఫ్‌లు ఒక ట్రే వేయండి. ద్రాక్షపళ్ళు, కమలా తొనలు, కీర ముక్కలు పెద్ద పళ్ళెంలో ఉంచండి. ఐసింగ్ తిన్న నోటికి కమలా తొన ఎంత హాయిగా ఉంటుందో చూస్తారుగా.

మిర్చి బజ్జీ, పకోడీ వేడివేడిగా వేద్దామనుకుంటున్నాం. బాగుంటుందా?

రుచికి బాగుంటుంది, ఆ రోజుకి మాత్రం వద్దు. పిల్లలు ఐసింగ్‌తో ఉన్నప్పుడు మీరు మూకుడు ముందు నిలబడిపోతారు, అదొకటి. చలికి కిటికీలు మూసి ఉంటాయి కాబట్టి నూనె పొగకి స్మోక్ అలారం మోగుతుంది. వచ్చినవాళ్ళ ఉన్ని కోట్లకి పట్టిన నూనె వాసన ఒక పట్టాన వదలదు. తప్పదనుకుంటే గరాజ్ తలుపు తెరిచి అక్కడ ఎలక్ట్రిక్ స్టవ్ మీద ఒక పెద్దవాళ్ళు వేయాలి, కోట్లన్నీ మేడమీద గదిలో పెట్టి తలుపు మూసేయాలి.

స్నాక్స్ మాత్రమే పెడితే మనవాళ్ళు ఏమనుకుంటారో?

పిలిచేటప్పుడే "మధ్యాహ్నం టీ, స్నాక్స్" అని రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు. అయినా మనసొప్పకపోతే పులిహోర, పెరుగు వడ చాలు. రెండూ ముందే చేసుకోవచ్చు. పెరుగు వడని రెండు గంటలకి మించి బయట ఉంచకండి, సగం ఫ్రిజ్‌లోనే ఉంచి విడతలుగా తీయండి.

తాగడానికి?

పెద్దవాళ్ళకి పెద్ద ఫ్లాస్కులో అల్లం టీ. పిల్లలకి హాట్ చాక్లెట్ స్లో కుక్కర్‌లో వార్మ్ మీద పెట్టండి, కానీ ఇళ్ళ బల్ల మీద కాదు. ఒలికితే ఇంటి గోడలు నిమిషంలో నానిపోతాయి. బల్ల దగ్గర మూతలున్న నీళ్ళ సీసాలే.

## పార్టీ నాడు

బల్ల ఎలా సర్దాలి?

డాలర్ స్టోర్ ప్లాస్టిక్ బట్ట పరిచి అంచులకి టేపు వేయండి. ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక మఫిన్ ట్రే ఇవ్వండి, ఆరు గుంటల్లో ఆరు రకాల క్యాండీలు. మధ్యలో పెద్ద గిన్నెలు పెడితే చేతులు అడ్డం పడి పక్కవాళ్ళ ఇళ్ళు కూలతాయి. ఐసింగ్ జిప్ సంచుల్లో నింపి, గాలి తీసి, పైన రబ్బరు బ్యాండు బిగించండి. మూల సన్నగా కత్తిరిస్తే గోరింటాకు కోన్‌లా చేతిలో ఒదుగుతుంది. కోన్ మొన మీద ఒక తడి టిష్యూ ఉంచితే గట్టిపడకుండా ఉంటుంది. అట్ట అడుగున ఎవరి పేరు వాళ్ళకి ముందే రాయండి.

మూడేళ్ళ పాప కూడా ఉంది. ఆమెకి ఏమివ్వాలి?

నిలబడే ఇల్లు కాకుండా, ఇంటి ఆకారంలో ఉన్న ఒక పెద్ద బిస్కట్ పళ్ళెంలో పెట్టి ఇవ్వండి. నాలుగేళ్ళలోపు పిల్లలకి గుండ్రటి గట్టి క్యాండీలు, విడి గింజలు, పాప్‌కార్న్ గొంతులో అడ్డం పడతాయి. వాళ్ళ ట్రేలో మెత్తటి సీరియల్, కొబ్బరి కోరు చాలు. ద్రాక్షపళ్ళు కూడా నిలువునా నాలుగు ముక్కలు చేసి పెట్టండి. ఇళ్ళలో వెలుగు కోసం బ్యాటరీ దీపాలు పెడుతుంటే, బటన్ బ్యాటరీలు ఉన్నవి ఈ వయసు పిల్లలకి అందకూడదు. మింగితే ప్రాణాపాయం.

తల్లిదండ్రులే పిల్లల చేతిలోంచి కోన్ లాక్కుని చేసేస్తున్నారు. ఎలా చెప్పాలి?

ఇది ప్రతి పార్టీలోనూ జరుగుతుంది. అక్క, వదిన, స్నేహితురాలు ఎవరైనా ఇబ్బందిపడకుండా చేసే మార్గం ఒకటే, పెద్దవాళ్ళకి కూడా ఒక ఇల్లు ఇవ్వడం. పక్క గదిలో బల్ల వేసి, "ఇది మీది" అని చూపించండి. పిల్లలు ఒకే గోడ మీద పదిహేను క్యాండీలు అంటించి, మిగతా మూడు గోడలు ఖాళీగా వదిలేస్తారు. అది వాళ్ళ ఇల్లు, అలాగే ఉండనివ్వండి. నా దృష్టిలో ఈ పార్టీలో అన్నిటికంటే కాపాడుకోవలసింది అదే.

అత్తయ్య, మామయ్య ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. వాళ్ళకి బోరు కొట్టదూ?

పనిలో కలుపుకుంటే కొట్టదు. చుక్కల ముగ్గు వేసే చేతికి ఐసింగ్ కోన్ ఇచ్చి చూడండి. పైకప్పు మీద మెలికల ముగ్గు గీస్తుంటే పిల్లలందరూ చుట్టూ చేరతారు, "నాకూ వేయవా నాయనమ్మా" అని. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి తీపి లేని టీ విడిగా ఒక ఫ్లాస్కులో ఉంచి, ఎదురుగా చెప్పండి. అడగడానికి మొహమాటపడతారు.

పోటీ పెట్టొచ్చా?

పదేళ్ళలోపు పిల్లలకి వద్దు. బాగా పొడుగు కంచె, అందరికంటే ఎక్కువ రంగులు, అలా ప్రతి ఇంటికీ ఒక పేరు పెట్టి చీటీ ఇవ్వండి. పెద్ద పిల్లలకీ, పెద్దవాళ్ళకీ అయితే పోటీ బాగా రక్తి కడుతుంది. నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో ఒక పాత హోటల్, గ్రోవ్ పార్క్ ఇన్, 1992 నుంచి ఈ ఇళ్ళకి పోటీలు నడుపుతోంది. అక్కడ ఇంటి మీద ఉన్నదంతా తినగలిగేదే అయ్యుండాలి. ఆ ఒక్క నియమం పెట్టి చూడండి, గోపురాలు, రైతుబజారు, అరుగుల ఇళ్ళు ఏవేవో పుట్టుకొస్తాయి.

ఇల్లు కూలిపోయింది, పాప ఏడుస్తోంది.

ముందు పాపని ఎత్తుకోండి. ఎక్కువ కట్టి ఉంచిన ఇల్లు తెచ్చి, కూలినదాని మీది క్యాండీలు దీనికి మార్చడంలో మీరూ ఒక చెయ్యి వేయండి. ఇంకో ఇల్లు లేకపోతే కరిగించిన వైట్ చాక్లెట్‌తో గోడలు మళ్ళీ నిలబెట్టి, అది పట్టేలోపు పాపతో ముంగిట్లో చెట్టు, కంచె పెట్టించండి.

## పార్టీ అయ్యాక

కారులో ఇల్లు ఎలా పట్టుకెళ్ళాలి?

ఒళ్ళో కాదు, సీటు మీద కాదు. లోతైన అట్టపెట్టెలో పెట్టి, సీటు ముందు కింద, చదునుగా ఉన్న చోట ఉంచాలి. ఆన్‌లైన్ ఆర్డర్ల పెట్టెలు నెల ముందు నుంచే దాచిపెట్టుకుని గుమ్మం దగ్గర పేర్చండి. హీటరు గాలి నేరుగా తగిలితే చాక్లెట్ కరుగుతుంది.

ఎన్నాళ్ళు ఉంటుంది? తర్వాత తినొచ్చా?

పొడిగా ఉన్న చోట నెల పైనే నిలుస్తుంది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు కింది మెట్టు మీద పల్లెటూరి పక్కన దీన్ని పెడుతుంటారు, చూడముచ్చటగా ఉంటుంది. తినాలనుకుంటే మాత్రం మొదటి వారంలోపే. తర్వాత దుమ్ము పడుతుంది, రాయిలా గట్టిపడుతుంది.

కార్పెట్ మీద ఐసింగ్ పడింది.

వెంటనే రుద్దకండి, లోపలికి దిగుతుంది. ఆరనిచ్చి, చెంచాతో గీకి, వాక్యూమ్ చేసి, మిగిలిన మరకని గోరువెచ్చని నీళ్ళతో అద్దండి. చక్కెరే కాబట్టి కరిగిపోతుంది. రంగు వేసిన ఐసింగ్ అయితే మరక ఉండిపోవచ్చు, అందుకే తెల్లదే వాడమని చెబుతాను.

ఇంట్లో కుక్క ఉంది. ఫర్వాలేదా?

ఎత్తులో పెట్టండి. చాక్లెట్, ఎండుద్రాక్ష, జైలిటాల్ ఉన్న షుగర్‌ఫ్రీ క్యాండీలు కుక్కలకి విషం. పార్టీ అయ్యేదాకా వేరే గదిలో ఉంచి, నేల ఊడ్చాకే వదలండి.

హైదరాబాద్‌లో, వైజాగ్‌లో ఇది కుదురుతుందా?

డిసెంబరులో హైదరాబాద్ గాలి పొడిగానే ఉంటుంది కాబట్టి బాగా కుదురుతుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో తేమకి బిస్కట్ మెత్తబడి పైకప్పు కుంగుతుంది. అక్కడ ఏసీ గదిలో కట్టి, లోపల చిన్న పాల ప్యాకెట్ డబ్బా ఆధారంగా పెట్టి, రెండు మూడు రోజుల్లో తినేయడం మేలు. గ్రాహమ్ క్రాకర్లు దొరక్కపోతే నలుపలకల గ్లూకోజ్ బిస్కట్లతో చిన్న ఇళ్ళు చక్కగా వస్తాయి. చీమలు పట్టకుండా పళ్ళేన్ని నీళ్ళు పోసిన వెడల్పాటి తాంబాళంలో, మధ్యన ఒక గిన్నె బోర్లించి దాని మీద పెట్టండి.